వేగం – నిలకడ

కాళ్ళలోని వేగం పుట్టుకతో వస్తుంది. మనస్సులోని నిలకడ కాలక్రమంలో అలవడుతుంది. మొదటిది ఉండి రెండవది ఇంకా అలవడని వయస్సులో మనిషిని లోకం తొందరపడి తూకం వేస్తుంది. ఫ్రాన్స్ దేశపు ఫుట్‌బాల్ క్రీడాకారుడు నికొలా అనెల్కా విషయంలో జరిగినది ఇదే. అతడు మైదానం వీడి ఏళ్ళు గడిచినా, అతని పేరు వినబడగానే అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోతారు.

1979లో జన్మించిన అనెల్కా పారిస్ సమీపంలోని ట్రాప్ పట్టణంలో పెరిగాడు. 1997లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బులో చేరాడు. రక్షకులను రెప్పపాటులో దాటిపోయే అతని పరుగు ప్రేక్షకులను ముగ్ధులను చేసింది. 1998 ఎఫ్.ఎ. కప్పు ఫైనల్లో అతడు గోలు చేశాడు. ఆ ఏడాది లీగు, కప్పు రెండూ ఆర్సెనల్‌కే దక్కాయి. తరువాతి సీజనులో అతడు లీగులో 17 గోల్సు సాధించాడు. కాని 1999 వేసవిలో పట్టుబట్టి స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ క్లబ్బుకు వెళ్ళిపోయాడు.

ఏరు దాటి తెప్ప తగలేశాడని ఒక పక్షం నిందిస్తుంది. ఆ పక్షానికి ఆధారాలు లేకపోలేదు. 2000 మార్చిలో సాధనకు రానని భీష్మించినందుకు మాడ్రిడ్ క్లబ్బు అతడిని 45 రోజులు పక్కన పెట్టింది. అటుపిమ్మట పారిస్, లివర్‌పూల్, మాంచెస్టర్, ఇస్తాంబుల్, బోల్టన్ నగరాల జట్లు మారాడు. 2014లో మన ముంబయి సిటీ జట్టుకు వచ్చేనాటికి అది అతని పన్నెండవ క్లబ్బు.

రెండవ పక్షం వాదనా కొట్టివేయదగినది కాదు. సుమారు 5 లక్షల పౌండ్లకు కొన్న కుర్రవాడిని ఆర్సెనల్ 2.2 కోట్ల పౌండ్లకు పైగా అమ్మింది. ఆ వేసవిలోనే థియరీ హెన్రీని తెచ్చుకొని మరింత బలపడింది. అనెల్కాను అరువుగా తీసుకున్న లివర్‌పూల్ 2002లో అతడిని కొనసాగించలేదు. క్లబ్బు ఆటగాడిని వదులుకుంటే వ్యాపారం, ఆటగాడు క్లబ్బును వదులుకుంటే ద్రోహం అనడం న్యాయం కాదు.

అయితే రెండు పక్షాలూ క్లబ్బుకు కలిగిన లాభనష్టాలనే లెక్కిస్తున్నాయి. నిలకడ లేకపోవడం వల్ల ఆటగాడు పోగొట్టుకున్నదేమిటన్నది అసలు ప్రశ్న. దీనికి సమాధానం చెల్సీ క్లబ్బులో దొరుకుతుంది. 2008లో అక్కడ చేరిన అనెల్కా, ఆ ఏడాదే మాస్కోలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో పెనాల్టీని గోలు చేయలేకపోయాడు. కప్పు చేజారింది. అయినా అతడు చెల్సీని వీడలేదు. మరుసటి సీజనులో 19 గోల్సుతో ప్రీమియర్ లీగులో అగ్రస్థానంలో నిలిచాడు. 2010లో చెల్సీ లీగును, ఎఫ్.ఎ. కప్పును గెలిచిన జట్టులో అతడున్నాడు. సుమారు నాలుగేళ్ళ ఆ నివాసమే అతని క్రీడా జీవితంలో దీర్ఘమైనది, ఫలవంతమైనది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ప్రతిభ కూడా అంతే.

అలవడిన నిలకడనైనా అనుక్షణం కాపాడుకోవాలి. అదే 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్పులో శిక్షకుడితో కలహించి అతడు మధ్యలోనే ఇంటిముఖం పట్టవలసి వచ్చింది.

కనుక అనెల్కాను తప్పుపట్టవలసింది వెళ్ళినందుకు కాదు, వేళ్ళూనక ముందే వెళ్ళినందుకు. నారుమడిలోని మొక్కను ఒకసారి పెరికి పొలంలో నాటితేనే పైరవుతుంది. ట్రాప్ నుండి లండన్‌కు అతని ప్రయాణం అటువంటిది. నాటిన మొక్కను మాటిమాటికీ పెరికితే మాత్రం నేల ఎంత సారవంతమైనా ఫలితం ఉండదు. ఈ సంగతి ఇరవై ఏళ్ళ యువకుడు తెలుసుకోవాలి. అతడు తెలుసుకునే వరకు ఓపిక పట్టడం అభిమానులు నేర్చుకోవాలి.