పై గీత, కింది గీత

యంత్రానికి కులం లేదని మీరంటే నేను కాదనను. కాదనకపోవడానికి నాకు కారణముంది.

అడిక్‌మెట్‌లో డీఎస్సీకి చదివే రోజుల్లో గది కోసం నలుగురం తిరిగినం. టులెట్ బోర్డు చూసి గేటు కొడితే, కిరాయి ఎంతో చెప్పకముందే "మీరేమిట్లు బాబూ?" అని అడిగేటోళ్లు. మాదిగోళ్లమని ఒకచోట నిజం చెప్పినం. ఇంకోచోట అబద్ధం చెప్పినం. అబద్ధం చెప్పిన చోటే గది దొరికింది. ఆ గదిలో నాకు ఇంగ్లీషు నేర్పింది ఒక చైనా ఫోను. మొబైల్ షాపాయన ఇరవై రూపాయలు తీసుకొని మెమొరీ కార్డు నిండా స్పోకెన్ ఇంగ్లీషు పాఠాలు ఎక్కించిండు. ఒక్క వాక్యాన్ని యాభైసార్లు వెనక్కి తిప్పి విన్నా. అది విసుక్కోలే, నవ్వలే. "రిజర్వేషనోనివి, నీకెందుకురా ఇంగ్లీషు" అనలే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, మా ఇంట్ల మొదటిసారి డిగ్రీ ముఖం చూసిన నాకు, నవ్వకుండా ఇంగ్లీషు చెప్పిన మొదటి పంతులు ఆ ఫోనే.

మా గదికి దగ్గర్లోనే యూనివర్సిటీ. 1918లో ఉస్మానియాను పెట్టినప్పుడు పాఠాలు ఉర్దూలో చెప్పిన్రు. అందుకోసం 1917లోనే అనువాదశాఖ పెట్టి పుస్తకాలను ఉర్దూలోకి తిప్పించిండు నిజాం. ఆయన రాజ్యం పోయినంక అక్కడ ఇంగ్లీషు వచ్చింది. ఆ పక్కనే 1958లో కేంద్ర ప్రభుత్వం ఇంగ్లీషు సంస్థను పెట్టింది. 1972లో దానికి విదేశీ భాషలు కలిసినై. 2007లో అది ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. ఫ్రెంచి, జర్మను, రష్యను, ఏది కావాలన్నా అక్కడ నేర్పుతరు. రాజ్యం తలుచుకుంటే ఏ భాషకైనా పుస్తకం పుడుతది, పంతులు పుడుతడు. మా వాడ పిల్ల ఇంగ్లీషు అడిగినప్పుడే అందరికీ తల్లిభాష యాదికొస్తది!

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అంటే ఎంత ఏడుపు! 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. 2022లో తెలంగాణలోనూ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు మళ్లీ అదే రాగం. అయ్యా, తెలుగు చచ్చిపోతదని కన్నీళ్లు పెట్టిన మీ పిల్లలు ఏ బడిలో చదివిన్రు? ఆ ఒక్క ముక్క చెప్పి తర్వాత ఏడ్వండి.

ఇక యంత్రం సంగతి. ఒక శిక్షణ కేంద్రంలో లాంగ్వేజ్ ల్యాబ్ చూసిన. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా తెర. తెర మీద రెండు గీతలు. పై గీత ఎవరో దొర గొంతుది, కింది గీత నాది. కింది గీత పై గీత లెక్క వంకర తిరిగితేనే మార్కులు. తిరగలే. "నీకు మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్ బాగా ఉందయ్యా, వదిలించుకోవాలి" అన్నడు సారు. అంటే మా అమ్మ నాలుక నాకు అంటిందట. అంటు అనే మాట మాకు కొత్తదా? మా అమ్మ మాటలు పట్టుకునే నేను బతికిన. వాటిని ఏ నీళ్లతో కడుక్కోమంటరు?

అర్థం కాకుండా మాట్లాడితే తప్పే. దిద్దాలె. నేను రోజూ పిల్లలను దిద్దుతనే ఉంట. కానీ అర్థమయ్యే మాటను కూడా, దొర మాట లెక్క లేదని ఎర్రగీత కొట్టుడు చదువా?

ఈ మధ్య మా బడిలో చదివించి చూసే యాప్ ఒకటి పెట్టి చూసిన. పిల్ల వాక్యం చదివితే మంచిగుంటే పచ్చ, లేకుంటే ఎరుపు. ఆరో తరగతి పిల్ల మూడుసార్లు చదివింది. నాకు మూడుసార్లూ అర్థమైంది. యంత్రానికి ఒక్కసారీ కాలే. పిల్ల తల వంచుకున్నది. 2020లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, మాటను అక్షరం చేసే ఐదు పెద్ద కంపెనీల యంత్రాలను పరీక్షించిన్రు. తెల్లవాళ్ల మాటల్లో నూటికి 19 తప్పు పోతే, నల్లవాళ్ల మాటల్లో నూటికి 35 తప్పు పోయినై. యంత్రం ఏ గొంతులు వినిపిస్తే ఆ గొంతులే నేర్చుకుంటది. వాళ్ల గొంతులు దానికి చాలినన్ని వినిపియ్యలే. మా వాడ గొంతు ఎవరు వినిపించిన్రు?

2020 సెప్టెంబరు 1 నుంచి కరోనాకు బడులు మూసి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు చెప్పిన్రు. నా క్లాసు పిల్ల ఒకామె ఇంట్ల టీవీ లేదు, ఫోను ఒక్కటుంటే నాయిన పనికి పట్టుకపోయేది. పక్కింట్ల చూడమన్నా. పోయింది. గడప బయట కూచోబెట్టిన్రు. "కనపడ్డదా బిడ్డా?" అంటే, "కనపడ్డది సార్. అర్థంగాక అడిగితే మాత్రం టీవీ ఇనదు గదా" అన్నది. డిజిటల్ చదువు మీద ఎన్నో సెమినార్లు జరిగినై. ఆ పిల్ల మాటకు జవాబు చెప్పినోళ్లు నాకు ఇంతవరకు తగల్లే.

అందుకే చెప్తున్న. యంత్రం వద్దనే హక్కు మీకు లేదు, మాకు కావాలె. ట్యాబ్ ఇస్తరా, ఇయ్యండి. హెడ్‌ఫోన్లు ఎంతమంది పిల్లలుంటే అన్ని ఇయ్యండి. కానీ ట్యాబ్ ఇచ్చినం గదా అని ఇంగ్లీషు పంతులు పోస్టు ఖాళీగా ఉంచితే ఊకునేది లేదు. మీ పిల్లలకు పంతులూ యంత్రమూ రెండూ ఉంటయి. మా పిల్లలకు ఏదో ఒకటే ఎందుకు?

ఆ యాప్ తీసేసి నా ఫోన్ల రికార్డింగ్ పెట్టిన. మీ అమ్మ ఏం పని చేస్తదో ఇంగ్లీషుల చెప్పు అన్నా. ఎరుపు చూసి తల వంచిన ఆ పిల్లే, వాళ్లమ్మ తార్నాకలో రోడ్లు ఊడుస్తదని, పొద్దుగాల నాలుగింటికి లేస్తదని నాలుగు వాక్యాలు చెప్పింది. వినిపించిన. తన గొంతు తను విని మొదట సిగ్గుపడి నోరు మూసుకున్నది. తర్వాత ఫోను గుంజుకొని మూడో వాక్యం దగ్గర ఆపి, "ఇక్కడ తప్పు పోయింది సార్, మళ్లీ చెప్త" అన్నది.