కాదనే వీలు

తిరుపతి, చిత్తూరు క్రైస్తవ సంఘాల్లోని యవ్వనస్థులకు,

ఈ ఏడాది మీరు యూత్ కమిటీల్లోకి కొత్తగా వచ్చారు. ఇక మీ మాటకు నలుగురూ తలూపుతారు. తలూపిన ప్రతివాడూ ఒప్పుకున్నట్టు కాదు. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

మొన్న మీలో కొందరు ఆసుపత్రి వార్డుకు వెళ్ళారు. ఒక పెద్దాయన చేతికి సెలైన్ ఎక్కుతోంది, దిండు పక్కన ఏడుకొండలవాడి చిన్న పటం. మీరు బన్ను ప్యాకెట్టు ఇచ్చి, కరపత్రం పెట్టి, ‘ప్రార్థన చేస్తాం తాతా’ అంటూ తలమీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. భక్తి అనుకున్నారు మీరు. బన్ను అప్పటికే తీసుకున్నాడు, మంచం దిగి పోలేడు, ఇంకేం చేస్తాడు?

ఆసుపత్రిలోనే కాదు, గుడి దగ్గరా ఇదే సంగతి. గుళ్ళ దగ్గర అన్యమత ప్రచారం కూడదని మన రాష్ట్రంలో 2007లో చట్టం వచ్చింది. మనవాళ్ళు కొందరు ఇప్పటికీ గొణుగుతారు. చట్టం లేకపోయినా, మొక్కు తీర్చుకోడానికి వచ్చినవాడి చేతిలో కరపత్రం పెట్టడం మర్యాద కాదు.

రోగికి కాదనే వీలు ఎంత తక్కువో చూడాలంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం గుర్తుచేసుకోండి. పలు మిషన్లు కలిసి 1915లో అక్కడ క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోలర్ దానికి పెద్ద. స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాని రోజులు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక, అదే వైద్యం. ఎప్పుడు లేవాలో, ఎంత నడవాలో, ఇంటికెప్పుడు పోవాలో అన్నీ డాక్టరే చెప్పాలి. అంత అధికారం ఏ తాసిల్దారుకుంటుంది? ఆ ఆసుపత్రి నిలబెట్టిన ప్రాణాలకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ అలాంటిచోట డాక్టరు బైబిలు తెరిస్తే, రోగికి అదీ వైద్యంలో భాగంలాగే కనిపిస్తుంది.

కాదనగలిగినవాడు ఉంటే సంగతి వేరు. మన దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా 1948లో మొదలైందీ మదనపల్లెలోనే. 1955లో మద్రాసు మాజీ ముఖ్యమంత్రి రాజాజీ ఆ టీకాను బాహాటంగా వ్యతిరేకించాడు. ఆయన పొరబడ్డాడనే నా అభిప్రాయం. అయినా అంతటివాడు కాదన్నాడు కాబట్టే సర్కారు దిగొచ్చి జనానికి జవాబు చెప్పుకుంది.

యేసు కూడా కాదనే వీలు మిగిల్చాడు. యోహాను సువార్త ఆరో అధ్యాయం మళ్ళీ చదవండి. రొట్టెలు తిన్న జనం యేసును బలవంతంగా రాజును చేయబోతే, ఆయన ఒంటరిగా కొండెక్కిపోయాడు. తర్వాత ఆయన మాట కఠినంగా ఉందని శిష్యుల్లోనే చాలామంది వెళ్ళిపోతే, వెనకాల పడి బతిమాలలేదు. మిగిలిన పన్నెండుమందిని, మీరూ పోతారా అని అడిగాడు. పదిమందిని పోగేయడమే పరిచర్య అనుకునే మనకు ఈ అధ్యాయం మింగుడుపడదు, మన ప్రసంగాల్లో పెద్దగా వినపడదు కూడా.

వచ్చే వారం మళ్ళీ వార్డుకు వెళ్ళండి, కరపత్రాలు మాత్రం వద్దు. ప్రార్థన కావాలని వాళ్ళే అడిగితే చెయ్యండి. లేకపోతే మందుల షాపు దగ్గర వాళ్ళ తరఫున క్యూలో నిలబడండి. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టొద్దు. ఇంకొకటి. మీలో ఒకరు ఉచిత ట్యూషన్ చెబుతూ, ఆదివారం ఆరాధనకు రాని పిల్లల్ని వెనక కూర్చోబెడుతున్నారని విన్నాను. అది ఈ వారమే ఆగాలి.

మీ సంఘ పెద్ద