బల్లమీది దండు

ఆరడుగుల బల్ల. దానిమీద పరచిన పచ్చని గుడ్డ, ఒక అంచున నీలిరంగు పూసిన సముద్రం, నడుమ అయిదారు గడ్డికప్పు ఇళ్లు, ఒక చిన్న ప్రార్థనాలయం, దొడ్డిలో నాలుగు పశువులు. నీటి ఒడ్డున మూడు పొడవాటి పడవలు ఆగి ఉన్నాయి. వాటి పక్కన డాళ్లు, ఈటెలు ధరించి అంగుళం ఎత్తు మనుషులు బారులు తీరారు. బల్ల చుట్టూ మూగినవారు మాత్రం పిల్లలు కారు, నడివయసు దాటిన పెద్దమనుషులు. ఇంగ్లండులోను, అమెరికాలోను సెలవు దినాలలో ఇటువంటి బల్లల చుట్టూ చేరి, పదిహేనువందల ఏళ్ల నాటి సాక్సన్ దాడిని తిరిగి నడపటం కొందరికి ఎంతో ప్రీతిపాత్రమైన వ్యాసంగం. బొమ్మలకు రంగులు వేసుకొనటంలోనే వారి సాయంత్రాలు ఎన్నో గడచిపోతాయి.

ఈ వినోదపు వంశవృక్షాన్ని వెదకుతూ పోతే చివరకు మన చతురంగమే ఎదురవుతుంది. రథ గజ తురగ పదాతులతో భారతదేశంలో పుట్టిన ఆట పారశీకం మీదుగా ఐరోపా చేరి చెస్ అయింది. 1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే గణిత బోధకుడు ఆ గళ్లకు కొండలను, నదులను, ఊళ్లను చేర్చాడు. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యన్ అధికారి గళ్లనే తొలగించి, పటం మీద పాచికలతో, మధ్యవర్తి సమక్షంలో ఆడే పద్ధతిని ప్రచురించగా ప్రష్యా సైన్యం దానిని శిక్షణకు స్వీకరించింది. సైనిక పాఠశాలనుండి దానిని ఇంటి గచ్చుమీదకు దింపినవాడు హెచ్. జి. వెల్స్. 1913లో వెలువడిన ఆయన 'లిటిల్ వార్స్' గ్రంథంలో సీసపు సైనికులు, చెక్కముక్కలను పేల్చే స్ప్రింగు ఫిరంగులు కనిపిస్తాయి. నిజమైన యుద్ధం ఎంత తెలివితక్కువ పనియో ఈ చిన్న యుద్ధమే బోధపరుస్తుందని ఆయన నమ్మకం. మరుసటి ఏడే మహాయుద్ధం వచ్చిపడింది.

ఐతే వెల్స్ ఆట యుద్ధం, ఇది దాడి. రెండింటికీ చాలా భేదం ఉన్నది. యుద్ధంలో ఎదుటి సేనను ఓడించాలి. దాడికి వచ్చినవానికి ఎదుటి సేన కనిపించకుండానే పని ముగిస్తే అంతకంటె అదృష్టం లేదు. కనుక ఇక్కడ అసలు శత్రువు కాలం. ఒక్కొక్క ఇంటిని వెదకటానికి పాచిక వేయాలి. సరియైన అంకె పడేవరకు ఆ దండు ఆ ఇంటివద్దనే చిక్కుకొని ఉంటుంది. సొమ్ము దొరికితే బరువు మోసేవారి నడక తగ్గుతుంది. తోలుకొనిపోయే పశువులు తమ ఇష్టం వచ్చిన దిక్కుకు పోతాయి. ఈలోగా బల్ల రెండవ అంచున బ్రిటన్ అశ్వికులు ఎప్పుడు కనిపిస్తారో ఎవరికీ తెలియదు. దానికీ పాచికే నిర్ణేత.

2012లో ఇంగ్లండులో వెలువడిన 'డక్స్ బ్రిటానియారమ్' అనే నియమావళి ఈ యుగానికే కేటాయించినది. మామూలుగా అది ఇద్దరి ఆట. ఆరుగురు చేరినప్పుడే దీని రుచి మారుతుంది. మధ్యవర్తి ఒక్కొక్కరికి ఒక రహస్యపు చీటీ ఇస్తాడు. ఒక సాక్సన్ నాయకుని చీటీలో, ప్రార్థనాలయపు వెండిపాత్రలు నీ పడవలోకి చేరితేనే నీ గెలుపు అని ఉంటుంది. రెండవవాడు తన మనుషులలో ముగ్గురికి మించి పోగొట్టుకొనరాదు. మూడవవానికి మొదటివానికంటె ఎక్కువ దోపిడి దక్కాలి. ఇక చూడవలసినదే! డాళ్లను గోడవలె కలిపి నిలువవలసిన వేళ రెండవవాడు వెనుకంజ వేస్తాడు, మూడవవాడు పశువుల వెంట పరుగెత్తుతాడు. రక్షకులు మాత్రం తక్కువ తిన్నారా? ఒక భూస్వామి తన దొడ్డి క్షేమంగా ఉంటే చాలుననుకొని, పొరుగువాని గడ్డి ఇల్లు తగలబడుతుంటే చూస్తూ నిలబడతాడు.

ఈ కలహాలు వట్టి కల్పన కాదు. బ్రిటన్‌లో రోమన్ పాలన 410 ప్రాంతంలో అంతరించింది. అంతకు ముందే తూర్పు, దక్షిణ తీరాల రక్షణకు 'సాక్సన్ తీరం' అనే పేరిట తొమ్మిది కోటలను ఒక అధికారి కింద ఉంచినట్లు రోమన్ ఉద్యోగుల పట్టికలో ఉన్నది. ఆ కోటలలో పెవెన్సీ, పోర్చెస్టర్ గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. రోమన్లు తొలగిన పిమ్మట బ్రిటన్ పాలకులు పరస్పరం పోట్లాడుకొన్న తీరును ఆరవ శతాబ్దికి చెందిన గిల్డాస్ అనే సన్యాసి తీవ్రంగా దుయ్యబట్టాడు.

ఇక పడవల సంగతి. డెన్మార్కులోని నీదమ్ అనే చిత్తడినేలలో 1863లో ఒక ఓక్ పడవను త్రవ్వితీశారు. సాక్సన్లకు పొరుగువారైన ఆంగ్లుల సీమ అది. పడవ నాలుగవ శతాబ్ది నాటిది, పొడవు దాదాపు 23 మీటర్లు, తెడ్లు వేసేవారు ముప్పదిమంది వరకు. తెరచాప కొయ్యకు ఆనవాలు లేదు. అటువంటి పడవలో ఆవులు ఎన్ని పడతాయి? చచ్చిన తెడ్డువాని చోటు ఎవరు పూరిస్తారు? అనుభవజ్ఞుడైన మధ్యవర్తి ఇటువంటి ప్రశ్నలు వేస్తాడు. ఆవుల కంటె సులువుగా ఎక్కే సరకు మరొకటి ఉన్నదని అప్పుడు స్ఫురిస్తుంది. అది మనిషి.

బల్లమీద ఈ విషయం తరచుగా మరుగున పడిపోతుంది. వెండిపాత్రకు, ఆవుకు మార్కులుంటాయి. పల్లెజనం అలంకారానికి నిలబెట్టిన బొమ్మలుగా మిగిలిపోతారు. అయిదవ శతాబ్ది ద్వితీయార్ధంలో గాల్ దేశపు బిషప్ సిడోనియస్, సాక్సన్ ఓడదొంగలను గూర్చి మిత్రునికి వ్రాసిన లేఖలో, వారు ఇంటిదారి పట్టేముందు బందీలలో పదింట ఒకరిని చీట్లు వేసి ఎంచి చంపేవారని పేర్కొన్నాడు. శత్రువులను గూర్చి శత్రుపక్షంవాడు వ్రాసిన మాట గనుక కొంత తగ్గించి చదువవచ్చు. బందీలుండేవారన్న విషయాన్ని మాత్రం తగ్గించటానికి వీలులేదు.

ఆ అనుభవాన్ని స్వయంగా చెప్పినవాడు సెయింట్ పాట్రిక్. అతణ్ణి ఎత్తుకొనిపోయినవారు సాక్సన్లు కారు, ఐర్లండువారు. అప్పటికి అతనికి పదహారేళ్లు కూడా నిండలేదు. ఆరేళ్లు బానిసగా మందను మేపి, పారిపోయి, రెండువందల మైళ్ల దూరాన ఉన్న ఓడను చేరుకొన్నాడు. తనతోపాటు వేలమంది చెరపట్టబడ్డారని వ్రాశాడు. ఐతే అతడు రచించిన లేఖ ఒకటి మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. అది కోరోటికస్ అనే నాయకుని సైనికులను ఉద్దేశించినది. ఈ కోరోటికస్ బ్రిటన్ దేశస్థుడని, క్రైస్తవుడని చరిత్రకారులు భావిస్తారు. అతని సైనికులు ఐర్లండులో క్రొత్తగా జ్ఞానస్నానం పొందినవారిపై, ఆ మరునాడే, ఇంకా తెల్లని బట్టలతో ఉండగానే, విరుచుకుపడి కొందరిని చంపి, కొందరిని అమ్ముకొన్నారు.

బల్లమీద ఈ బ్రిటన్ నాయకులే రక్షకుల స్థానంలో నిలుస్తారు. పొరుగువాని పల్లెలో చేజిక్కిన మనుషులు నీ లెక్కలోనికే వస్తారని వారిలో ఒకరికి చీటీ ఇవ్వటానికి ఏ నియమావళీ అడ్డురాదు.