పంపు లోపలి శుచి

వంగదేశీయులు మిష్టి దొయి చేయు విధానమును శ్రద్ధతో గమనించినవారికి ఒక విశేషము గోచరింపక మానదు. చక్కెరతో మరగి వన్నె తిరిగిన పాలను గోరువెచ్చగా నున్నప్పుడే మట్టి పిడతలలో పోసి తోడు వేయుదురు. అది పేరుకొనిన పిమ్మట తినువాని చెంచా తగులువరకు దానిని కదల్పరు. ఈ వివేకము కలకత్తా పరిసరములందు యంత్రములతో పెరుగును, లస్సీని, పాకమును తయారుచేయు చిన్న కార్ఖానలకు పంపు కొనునప్పుడు గుర్తురాకుండుట నాకు మిక్కిలి బాధాకరము.

పాలు, పండ్లరసము వంటి పలుచని ద్రవములకు సెంట్రిఫ్యూగల్ పంపు చక్కగా సరిపోవును. కాని నిమిషమునకు సుమారు 2,900 చుట్లు తిరుగు దాని చక్రమున గట్టిపెరుగు పడెనా, నలిగి, తేట వేరై, చిక్కదనమంతయు క్షణములో పోవును. అట్టి పదార్థమునకు, ఒకదానినొకటి తాకక మెల్లగా తిరుగు రెండు రోటర్లు గల లోబ్ పంపే తగినది.

ఇంతకంటె ముఖ్యమైనది కడుగుట. ఒకానొక కార్ఖానలో పాలపంపు మూత విప్పించి చూచితిని. వెలుపల అద్దమువలె మెరయుచున్న ఆ పంపులో, రబ్బరు గ్యాస్కెట్టు అంచు క్రింద, గోటితో గీకినగాని ఊడని పచ్చని పాలగార పేరుకొని పులిసిన కంపు కొట్టుచుండెను. చౌకయని నీళ్ల పంపునే పాలకు బిగించియుండిరి. ప్రతి రాత్రియు వేడి కాస్టిక్ సోడా నీరు పారించుచున్నామని పనివాడు చెప్పినది సత్యమే. కాని ప్రవాహము సోకని మూలను సోడా ఎట్లు కడుగగలదు? పాశ్చరీకరణము ముగిసిన తరువాతి పంపులోనే ఇట్టి మూల యున్నచో, పాలను కాచిన ఫలమంతయు అక్కడ నశించును. లిస్టీరియా వంటి సూక్ష్మజీవి శీతలయంత్రపు చలిలోనైనను వృద్ధిపొందును గదా!

కావున లోపలి భాగములు 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవై, వాటి గరుకుదనము 0.8 మైక్రోమీటరు మించక, కడిగిన నీరు బొట్టు నిలువక జారిపోవునట్టి పంపునే కోరవలెను. పరికరములు సులభముగా శుభ్రపరచదగినవై యుండవలెనని 2011 నాటి ఆహార భద్రతా లైసెన్సు నిబంధనల నాలుగవ షెడ్యూలు శాసించుచున్నది.

అట్టి పంపు వెల హెచ్చని చిన్న వ్యాపారులు మొరపెట్టుకొనుట న్యాయమే. అయినను, 1930లోనే మిఠాయి వర్తకులైన కె.సి. దాస్ వారు రసగుల్లను డబ్బాలో మూసి అమ్మిన నగరమిది. మూసిన డబ్బాను కొనువాడు లోపలిది చూడలేడు, చేసినవానిని నమ్మి మాత్రమే కొనును. ఆ నమ్మకమును కొన్ని వేల రూపాయల పొదుపునకై పణముపెట్టుట అన్యాయము.

వ్యాపార సోదరులారా, పంపు కొనుటకు పోయినప్పుడు అశ్వశక్తిని, ధరను అడుగుటకు ముందు, దానిని మీ యెదుట విప్పి చూపుమని అమ్మువానిని కోరుడు. మీ వ్రేలు చొరని సందు కనబడినచో ఆ పంపును అక్కడనే వదలి రండు.