ఇన్‌స్టంట్ గీజర్ కొంటున్నారా? లీటర్లు పక్కన పెట్టి కిలోవాట్లు చూడండి

మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కొనకూడదని మనకు ఎప్పుడో అర్థమైంది. గీజర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బాక్స్ మీద 3 లీటర్లా, 5 లీటర్లా అని చూసి డిసైడైపోతున్నాం. నా మాట వింటే, ఇన్‌స్టంట్ గీజర్‌కి ఆ నంబర్ దాదాపు అనవసరం.

స్టోరేజ్ గీజర్ పవర్ బ్యాంక్ లాంటిది, దానికి లీటర్లే ముఖ్యం. ఇన్‌స్టంట్ గీజర్ చార్జర్ లాంటిది, దానికి వాట్లే ముఖ్యం.

లెక్క సింపుల్. 3 కిలోవాట్ల హీటర్ నిమిషానికి సుమారు 43 లీటర్ల నీటిని 1 డిగ్రీ వేడి చేయగలదు. చలికాలంలో జల్‌పల్లిలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు, స్నానానికి 40 డిగ్రీలు కావాలి అనుకుందాం. 43ని 20తో భాగిస్తే నిమిషానికి 2 లీటర్ల పైచిలుకు. అంటే 18 లీటర్ల బకెట్ నిండటానికి ఎనిమిది నిమిషాల పైనే. బకెట్ స్నానానికి ఓకే. షవర్‌లో నిమిషానికి 6 లీటర్లు రావాలంటే మాత్రం 8 కిలోవాట్లు దాటాలి. వోల్టేజ్ 230 నుంచి 200కి పడితే ఆ 3 కిలోవాట్లు కాస్తా 2.3 అవుతాయి.

"అయితే 4.5 కిలోవాట్లది తీసుకుందాం" అంటారా? ముందు గోడలో వైర్ చూడండి. 3 కిలోవాట్లు అంటే 13 ఆంప్స్, 16 ఆంప్ సాకెట్ సరిపోతుంది. 4.5 అంటే దాదాపు 20 ఆంప్స్, ఆ సాకెట్‌కి పెట్టకూడదు. విడిగా మందపాటి వైర్, సరైన ఎంసీబీ కావాలి. కింద ఇల్లు కట్టి, తర్వాత పైన అంతస్తు వేసి, పాత లైన్‌నే పైకి లాగిన ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. ఏ గీజర్‌కైనా ఎర్తింగ్, 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ తప్పనిసరి. తడి ఒంటితో నిలబడే చోట ఇందులో కాంప్రమైజ్ వద్దు.

నా వర్డిక్ట్: బకెట్ స్నానం, ఒకరి తర్వాత ఒకరు చేసే ఇల్లయితే 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ చాలు. షవర్ కావాలంటే 15 లేదా 25 లీటర్ల స్టోరేజ్ తీసుకోండి. 60 డిగ్రీలకు కాగిన 25 లీటర్లలో చల్లనీళ్లు కలిపితే దాదాపు 50 లీటర్లు వస్తాయి. ఏది కొన్నా, ఆర్డర్ పెట్టే ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి లైన్ చూపించండి.