అడవిపందియు, చేనును, చట్టమును

యాసంగి వేరుసెనగ ఊడలు దిగి కాయ పట్టు దినములలో, నల్లమల అంచుననున్న మా ఊరి రైతునకు నిద్ర యుండదు. చీకటి పడగానే అడవిపందుల మంద చేనిలో దిగి, ముట్టెలతో నేలను పెల్లగించి, తిన్నదానికంటె ఎక్కువ పాడుచేసి పోవును. తెల్లవారి చూచిన నాగటితో దున్నినట్లుండును. చిన్నతనమున మా తండ్రిగారితో మంచె మీద కావలి పండుకొన్నవాడను. డప్పు కొట్టియు, ఒడిసెలతో రాళ్లు రువ్వియు తరిమెడివారము. ఇప్పుడవి అంతగా బెదరవు. పందికి చూపు మందమే కాని ముక్కును చెవియు మిక్కిలి చురుకు. ఏ చప్పుడు వలన అపాయము లేదో అది త్వరలోనే గ్రహించును.

అట్లయిన కాల్చి చంపరాదా యని మీరడుగవచ్చును. అనుమతి లేక చంపరాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. ఈ చట్టము ఊరక పుట్టలేదు. వేట వినోదమైయున్న కాలము గడచి చూచుకొనగా, మన అడవులలో చీతా మిగులలేదని 1952లో ప్రకటింపవలసి వచ్చినది. దానిని 2022లో ఆఫ్రికానుండి మరల తెచ్చుకొంటిమి. పంది పులికి ఆహారము కూడ.

అయినను చట్టము రైతును మరచినదనుట సరికాదు. నిలిచియున్న పైరునకు అడవిపంది వంటి జంతువు అపాయకరమైనచో, రాష్ట్ర వన్యప్రాణి ముఖ్యాధికారిగాని, ఆయన అధికారమిచ్చిన ఉద్యోగిగాని, కారణములు వ్రాసి, దానిని వేటాడుటకు అనుమతి నీయవచ్చునని పదునొకండవ సెక్షను చెప్పుచున్నది. పైరు తిన్నదను కారణమున నెమలిని చంపుటకు మాత్రము ఇది వర్తింపదు.

లోపమెక్కడనున్నది? నిరుడొక రైతు నాచేత అర్జీ వ్రాయించుకొని పోయెను. సమాధానము వచ్చుసరికి చెట్టు పెరుకుటయు, మిగిలిన కాయను అమ్ముటయు ముగిసినది. నడుమ నొకనాడతడు వచ్చి, చేని చుట్టు కరెంటు తీగ లాగెదననెను. నేను కోపించితిని. ఆ తీగకు పందియు, పులియు, రాత్రివేళ నీరు కట్టబోవు పొరుగువాడును ఒక్కటే. అట్లు మనుష్యులు మరణించిన వార్తలను మీరును పత్రికలలో చదివియుందురు. "మరి నన్నేమి చేయుమందురు, పంతులుగారూ?" యని అతడడిగెను. నాకు వెంటనే మాట రాలేదు.

చట్టమును తీసివేయవలెనని నేననను. 2015, 2016 సంవత్సరములలో కేంద్ర ప్రభుత్వము బీహారు, ఉత్తరాఖండ రాష్ట్రములలోని కొన్ని జిల్లాలలో అడవిపందిని హానికర జంతువుగా కొంతకాలము ప్రకటించినది. ఆ మార్గము నాకు నచ్చదు. రక్షణ పూర్తిగ తొలగినచోట, ఎవరు ఎన్నిటిని ఎందుకు చంపిరని అడుగు దిక్కుండదు. కేరళమున 2022లో చేసిన ఏర్పాటు మేలు. అచ్చట అనుమతి నిచ్చు అధికారమును పంచాయతీ అధ్యక్షుల వంటి స్థానిక పెద్దలకే అప్పగించిరి. విషము, ప్రేలుడు పదార్థములు, విద్యుత్తు వాడరాదనిరి. అనుమతి ఊరికి దగ్గరైనచో అది పంటకంటె ముందు చేరును, తీగ అవసరముండదు.

తుపాకి తుది ఉపాయము. వేరుసెనగ చుట్టు ముండ్ల కుసుమను, మొక్కజొన్న చుట్టు ఆముదమును వేయుడని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ యాసంగిలో ఆ రైతు చేని చుట్టు నాలుగు సాళ్లు కుసుమ విత్తినాడు. అర్జీ మాత్రము ఈసారి విత్తిననాడే వ్రాసి యిచ్చితిని.