అడుగులు సరే, మా వీధి సంగతేమిటి?

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ అంకెలు ఆ ఊరికి కొత్త కాదు. కానీ 53 అడుగులంటే తమ గడపలోకి నీళ్లొస్తాయా, రావా? కొత్తగా అద్దెకు దిగిన కుటుంబానికి అది ఎవరు చెప్పాలి? పైగా వరద మూడో హెచ్చరికతోనే ఆగుతుందనీ లేదు: 1986లో నది 75.6 అడుగులు చూసింది. 2022 జులైలో 71.3 అడుగులకు పోటెత్తింది.

కరకట్ట ఉందన్న ధీమా చాలదు. నది ఉబ్బితే కట్టలోని స్లూయిస్ తూములు మూసేస్తారు. ఊళ్లో కురిసిన వానకు అప్పుడు దారి ఉండదు, మోటార్లతో ఎత్తిపోయాల్సిందే. కట్ట లోపలి పల్లపు వీధులు మునిగేది అందుకే. ఆ మోటార్లను వానలకు ముందే నడిపి చూడాలి, జనం కళ్లెదుటే.

ఏ మట్టానికి ఏ వీధి ఖాళీ చేయాలో, ఏ బడికి చేరాలో కరెంటు స్తంభాల మీద రంగుతో రాయించండి. అదేమంత ఖర్చు? ఆటో మైకు అర్ధరాత్రయినా తిరగాలి. చుట్టుపక్కల గూడేల్లో కోయ భాషలోనూ చాటాలి. మంచానపడ్డ వృద్ధులు, నెలలు నిండిన గర్భిణుల జాబితా రెండో హెచ్చరికకు ముందే పంచాయతీ సిబ్బంది చేతిలో ఉండాలి.